డ్రమ్ము వెనక సాలీడు

నెల్లూరు స్టేషన్లో దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పంతొమ్మిది వందల అరవై అయిదు, సెప్టెంబరు నెల. నేను పుట్టి పెరిగిన ఊరే అది. మా ఇల్లు అక్కడికి ఇరవై నిమిషాల నడక. వెళ్లడానికి అనుమతి లేదు. స్టేషను బయట లారీ సిద్ధంగా ఉంది. నలుగురం ఎక్కాం.

ఇందుకూరుపేట దాకా లారీ. అక్కడి నుంచి సామాను ఎడ్లబండి మీద, మేం నడక. బకింగ్‌హాం కాలువను పడవలో దాటాం. కాలువ అవతల దారి లేదు, ఇసుకే. బూట్లు చీలమండల దాకా దిగబడ్డాయి. సరుగుడు తోపు దాటి దిబ్బ ఎక్కేసరికి అయిదున్నర. ఎదురుగా సముద్రం, బూడిద రంగులో.

పడమటి సరిహద్దులో యుద్ధం జరుగుతోంది. తూర్పు తీరంలో కూడా కళ్లుండాలని పైవాళ్లు అనుకున్నారు. మైపాడుకు కొన్ని మైళ్ల దక్షిణాన ఈ దిబ్బ మీద బంకరు తవ్వి, లోపల తాటిదుంగలు నిలబెట్టి, ఇసుక బస్తాలు పేర్చి, పైన రేకు కప్పి ఉంచారు. మాకంటే ముందు ఉన్నవాళ్లు ఆ ఉదయమే వెళ్లిపోయారు. మా పని సముద్రాన్ని చూడటం. తెలియని పడవ కనబడితే వైర్‌లెస్‌లో చెప్పడం. ఉదయం ఆరుకు, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం ఆరుకు ఏమీ కనబడకపోయినా చెప్పడం.

మా దగ్గర నాలుగు రైఫిళ్లు, ఒక దూరదర్శిని, ఒక వైర్‌లెస్ సెట్టు, దానికి కరెంటు పుట్టించడానికి చేత్తో తిప్పే యంత్రం, రెండు లాంతర్లు ఉన్నాయి. నలుగురం. హవల్దారు కడప వైపు మనిషి. నలభై దాటాయి, తక్కువ మాట్లాడతాడు. వైర్‌లెస్ ఆపరేటరుది రేపల్లె దగ్గర పల్లె. నా ఈడువాడే, ఇరవై నాలుగు. వంటాయన పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే కుటుంబంలో పుట్టాడు. నాలుగోవాణ్ణి నేను, ఖాదర్.

ఆపరేటరు గురించి ఒక సంగతి చెప్పాలి. వచ్చేటప్పుడు రైల్లో వేరే పటాలం వాడొకడు నా పేరు అడిగి, "అయితే ఈ యుద్ధం గురించి మీవాళ్లు ఏమనుకుంటున్నారు?" అన్నాడు. ఆపరేటరు తన చేతిలోని టీ గ్లాసు వాడి ముందు పెట్టాడు. "ఇతనివాళ్లంటే మేమేనండీ. మాకు ఆకలేస్తోందనుకుంటున్నాం. టీ తాగండి, చల్లారిపోద్ది" అన్నాడు. వాడు తాగలేదు. మళ్లీ అడగనూ లేదు.

మొదటి వారం దోమలు. తర్వాత ఎండ. రేకు కింద మధ్యాహ్నం పూట నిలబడలేకపోయేవాళ్లం. నీళ్లు తోపు అవతల చేపలవాళ్ల గుడిసెల దగ్గరున్న చెలమ నుంచి మోసుకురావాలి. రోజుకు నాలుగు తడవలు. మూడో వారంలో కాల్పుల విరమణ అని వైర్‌లెస్‌లో విన్నాం. మమ్మల్ని మాత్రం ఉండమన్నారు.

చూడటానికి సముద్రం తప్ప ఏమీ లేనిచోట మనిషి కళ్లు దగ్గర వస్తువుల మీదికి మళ్లుతాయి. నా కళ్లు బల్లుల మీదికి మళ్లాయి.

బంకరులో పదీ పన్నెండు ఉండేవి. పగలంతా దుంగల సందుల్లో దాక్కునేవి. సాయంత్రం ఆరు రిపోర్టు అయ్యాక లాంతరుకు మూడు వైపులా నల్లగుడ్డ కట్టి వెలిగించేవాళ్లం. పురుగులు వచ్చేవి. వాటి కోసం బల్లులు దిగేవి. ఒక రోజు దుంగ మీద అరచేయంత గోధుమరంగు సాలీడు కదలకుండా కూర్చుని ఉంది. ఒక పెద్ద బల్లి పైనుంచి తలకిందులుగా దిగింది. ఆగింది. తోక కొస ఒక్కటే ఆడింది. మరుక్షణం సాలీడు దాని నోట్లో ఉంది. బయటికి వేలాడుతున్న కాళ్లను దుంగకేసి కొట్టి కొట్టి మింగింది.

వంటాయన గరిటె కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. "చూసినావా అబ్బయా, మావోడి దెబ్బ! బల్లి ఉండే ఇంట్లో పురుగూ పుట్రా ఉండదు. దాన్ని ముట్టుకోబాక. చంపితే పాపం. కంచిలో బంగారు బల్లినే పెట్టుండారు."

మా దాదీ, అంటే నాయనమ్మ, దీనికి సరిగ్గా ఎదురు చెప్పేది. ప్రవక్త గుహలో దాగినప్పుడు సాలీడు గుహ ముందు గూడు అల్లి కాపాడిందట. మరో ప్రవక్తను మంటల్లో వేసినప్పుడు బల్లి ఆ మంటను ఊదిందట. అందుకని సాలీణ్ణి చంపకూడదు, బల్లిని కొడితే పుణ్యం. చిన్నప్పుడు మా ఇంట్లో చీపురు సాలెగూళ్ల దాకా వెళ్లేది కాదు. నేను ఇది చెబితే ఆపరేటరు పడీపడీ నవ్వాడు. "బాగుందయ్యా. ఆయనకు బల్లి, నీకు సాలీడు. హవల్దారుగారు సరిహద్దు గీస్తారు, ఎవరివైపు వాళ్లుండండి" అన్నాడు. హవల్దారు కూడా ఆ రోజు నవ్వాడు.

అక్టోబరు మొదట్లో నల్ల సాలీడును చూశాను.

వైర్‌లెస్ బల్ల పక్కన ఇసుక నింపిన పాత కిరసనాయిలు డ్రమ్ము ఉండేది. దాని వెనక, గోడకూ డ్రమ్ముకూ మధ్య జానెడు సందు. అందులో ఉందది. ఒళ్లు బఠాణీ గింజంత. నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. వీపు మీద ఎర్రటి చార. దాని గూడు మనం తోటల్లో చూసే చక్రం లాంటిది కాదు. చిక్కుపడిన దారాల గుత్తి. అందులోంచి కొన్ని దారాలు తిన్నగా నేల దాకా దిగి ఉన్నాయి. లాంతరు పక్కకు పెట్టి చూస్తే వాటి చివర్లలో జిగురు చుక్కలు కనబడ్డాయి.

ఆ సాయంత్రం ఒక బల్లి నేల మీద పురుగు వెంట పరుగెత్తి ఆ దారాలను తాకింది. తాకిన దారం నేల నుంచి ఊడి పైకి లాగింది. బల్లి ముందుకాలు లేచింది. గుంజుకుంది. రెండో దారం మెడకు తగిలింది, మూడోది పొట్టకు. గుంజుకున్నకొద్దీ తగులుకుంటున్నాయి. సాలీడు కిందికి దిగింది. తొందర లేదు. వెనక్కి తిరిగి, వెనక కాళ్లతో కొత్త దారం తీసి దాని మీదికి విసిరింది. దగ్గరికి వచ్చి ఒక్కసారి తాకింది. మళ్లీ పైకి వెళ్లి కూర్చుంది. తనకంటే ఎన్నో రెట్లు బరువున్న దాన్ని కొంచెం కొంచెంగా నేల నుంచి పైకి లాగుతూ ఉంది. బల్లి నోరు తెరిచింది. చప్పుడు లేదు. నా డ్యూటీ ముగిసే ఎనిమిది గంటలకు దాని పక్కటెముకలు కదలడం ఆగింది.

నేను ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మళ్లీ చూశాను. ఆ తర్వాత రోజు కూడా. డ్యూటీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం మొదలుపెట్టాను. అన్నిసార్లూ సాలీడే గెలవలేదు. ఒక బల్లి తోక వదిలేసి పారిపోయింది. తోక మాత్రం గూట్లో చాలాసేపు కొట్టుకుంది. ఎందుకు చూశానంటే, అక్కడ ఇంకేమీ జరిగేది కాదు. ఇది జరిగేది.

అక్టోబరు చివర్లో హవల్దారు బయట ఇసుక బస్తాల కింద అదే రకం సాలీడును చూశాడు. ఆయన ముఖం మారింది. వెంటనే నన్ను పిలిచాడు.

"ఇది కరిస్తే మనిషి పొర్లాడతాడు ఖాదరూ. వేరే పోస్టులో చూసినాను. కిరసనాయిలు గుడ్డ తీసుకో. లోపలా బయటా ఒక్కటి కూడా ఉండగూడదు. సాయంత్రానికల్లా."

"సరే సార్."

కర్రకు గుడ్డ చుట్టి కిరసనాయిల్లో ముంచాను. బస్తాల కింద ఆరు, ఖాళీ డబ్బాల్లో రెండు, మరుగుదొడ్డి తడిక దగ్గర మూడు తీశాను. కాల్చాను. చివరికి డ్రమ్ము దగ్గరికి వచ్చాను. కర్ర సందులోకి పెట్టాను. అది పైమూలకు జరిగి కాళ్లు ముడుచుకుంది. కర్ర వెనక్కి తీసుకున్నాను.

దాదీ మాట గుర్తొచ్చిందని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. చాలా ఏళ్లు అట్లాగే చెప్పుకున్నాను. అది నిజం కాదు. దాదీ మాటే అడ్డమైతే మిగతా పదకొండింటిని కాల్చేవాణ్ణి కాదు. రేపు సాయంత్రం చూడటానికి ఏదో ఒకటి మిగలాలనుకున్నాను. అంతే.

"అన్నీ తీసినావా?" అని అడిగాడు హవల్దారు.

"తీసినాను సార్."

నవంబరులో వానలు పట్టుకున్నాయి. నాలుగు రోజులు తెరిపి లేదు. రేకు మీద వాన చప్పుడుకు పక్క మనిషి మాట వినబడేది కాదు. అయిదో రోజు వాన తగ్గింది. మధ్యాహ్నం పన్నెండు రిపోర్టుకు ఆపరేటరు సెట్టు ముందు కూర్చున్నాడు. నేను యంత్రం తిప్పుతున్నాను. మాట సరిగ్గా వెళ్లడం లేదు. నేలలో పాతిన తీగ వానకు వదులై ఉంటుందని అతను అనుకున్నాడు. ఆ తీగ డ్రమ్ము వెనక ఉంది.

ఆగమని నేను అనాల్సింది. చెయ్యి తిప్పడం ఆపాను, నోరు తెరిచాను కూడా. అంతలో అతను చెయ్యి లోపలికి పెట్టి, తీగ బిగించి, బయటికి తీసేశాడు.

"ఏదో ముల్లు గుచ్చుకుంది" అన్నాడు. బొటనవేలి పక్కన రెండు చిన్న ఎర్ర చుక్కలు. "తిప్పవయ్యా, ఆపావేంటి?"

తిప్పాను. అతను రిపోర్టు పూర్తి చేశాడు. పదిహేను నిమిషాల తర్వాత నొప్పికి చంక పట్టుకున్నాడు. పన్నెండున్నరకు చొక్కా అంతా చెమట. తర్వాత పొట్ట. చెయ్యి వేసి చూశాను, పలకలా బిగుసుకుపోయి ఉంది. పళ్లు కొరుకుతున్న చప్పుడు బయటికి వినిపించింది. హవల్దారు పరుగెత్తుకొచ్చాడు. చుక్కలు చూశాడు. డ్రమ్ము వైపు చూశాడు. నా వైపు చూడలేదు.

"కట్టు కట్టు. మోచేతి పైన. గట్టిగా."

రైఫిలు పట్టీ ఊడదీసి నేనే కట్టాను. పాము కాటుకు నేర్పిన కట్టు. ఇరవై నిమిషాలకోసారి వదులు చెయ్యాలని కూడా నేర్పారు.

మనిషిని తరలించాలంటే కేంద్రానికి చెప్పాలి. సెట్టు వాడటం సరిగ్గా తెలిసింది అతనొక్కడికే. హవల్దారు, వంటాయన కలిసి అతన్ని లేపి బల్ల ముందు కూర్చోబెట్టారు. నేను యంత్రం తిప్పాను.

"కేంద్రం, ఇది తీరం పోస్టు. ఒక మనిషికి విషప్పురుగు కాటు. తరలించాలి."

"వినబడింది. ఎవరికి?"

"ఆపరేటరుకి."

"మాట్లాడుతున్నది నువ్వే కదా?"

"నేనే. త్వరగా చెప్పండి బాబూ, కూర్చోలేకపోతున్నా."

"వానకు రోడ్డు తెగింది. లారీ ఇందుకూరుపేట దాటి రాదు. మనిషిని అక్కడికి మోసుకురండి."

అతను సెట్టు ఆపి, కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయాడు.

రెండు వెదురు కర్రలకు దుప్పటి కట్టి డోలీ చేశాం. హవల్దారు పోస్టు వదలకూడదు. నేనూ వంటాయనా, గుడిసెల నుంచి వచ్చిన ఇద్దరు చేపలవాళ్లూ మోశాం. ఒకటిన్నరకు బయలుదేరాం. దిబ్బ దిగేలోపు ఒకసారి కట్టు వదులు చేశాను. వదిలీ వదలగానే అతను విల్లులా వంగి కేక పెట్టాడు. మళ్లీ కట్టేశాను. ముందుకంటే గట్టిగా.

"వదలబాక అబ్బయా, గుండెకెక్కుద్ది!" అన్నాడు వంటాయన.

మళ్లీ వదల్లేదు.

కాలువ ఒడ్డుకు చేరేసరికి మూడుంపావు. నీళ్లు ఎర్రగా, గట్టు అంచు దాకా ఉన్నాయి. చేపలవాళ్లు తమ పడవనే దింపారు. పడవలో అతను కొంచెం తెలివిలో ఉన్నాడు. వేళ్లు నల్లబడ్డాయి. "చెయ్యి పగిలిపోతోందయ్యా, వదులు చెయ్యవా" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. విషం పైకి ఎక్కకూడదు, మనిషి దక్కాలి. నా తలలో అదొక్కటే ఉంది. నేను వదిలిన సాలీడు ఈ మనిషిని చంపకూడదు. అతను రెండోసారి అడగలేదు. ఎడమచేత్తో నా బెల్టు పట్టుకున్నాడు. అవతలి ఒడ్డు వచ్చేదాకా పట్టుకునే ఉన్నాడు.

అయిదు గంటలకు ఇందుకూరుపేట. ఆరున్నరకు నెల్లూరు ఆసుపత్రి. డాక్టరు నడివయసు మనిషి. మొదట అతని ముఖం చూడలేదు. కట్టు చూశాడు. కత్తెర తీసి పట్టీ కోసేశాడు.

"ఎప్పుడు కట్టారు?"

"పన్నెండున్నరకు సార్."

"మధ్యలో వదిలారా?"

"ఒక్కసారి."

వేళ్ల గోళ్లు ఒక్కొక్కటే నొక్కి చూశాడు. తర్వాత మెల్లగానే అన్నాడు, "ఈ సాలీడు నొప్పి పుట్టిస్తుంది, నరకం చూపిస్తుంది. కానీ ఇంత మనిషిని చంపడం అరుదు. వారంలో విషం దిగిపోతుంది. ఈ చెయ్యి సంగతే చెప్పలేను."

నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. వంటాయన టీ తెచ్చాడు. గ్లాసు బల్ల మీదే ఉంచేశాను.

మర్నాడు మధ్యాహ్నానికి దిబ్బ మీదికి తిరిగి వచ్చాం. హవల్దారు డ్రమ్మును పక్కకు దొర్లించి ఉంచాడు. సాలీణ్ణి చంపాడు. గూటిని మాత్రం కదిలించలేదు. నన్ను పిలిచి చూపించాడు. అందులో అయిదు బల్లుల తోళ్లు వేలాడుతున్నాయి. కొన్ని ఎండి కాగితంలా అయిపోయాయి.

"ఒక వానకు కట్టిన గూడు కాదు ఇది" అన్నాడు. "ఎందుకు వదిలినావు?"

దాదీ చెప్పిన కథ చెప్పాను. అప్పుడు కూడా అదే చెప్పాను. చూడాలని వదిలానని చెప్పడానికి సిగ్గేసింది.

ఆయన సముద్రం వైపు తిరిగాడు. "ఈ మాట ఇంకెవరితోనూ అనొద్దు. మామూలు రోజులైతే నీ పేరు రాసేవాణ్ణి. శిక్ష పడేది, అనుభవించి బయటికొచ్చేవాడివి. ఇప్పుడు రాస్తే నిన్ను సాలీడు గురించి అడగరు ఖాదరూ. వేరేవి అడుగుతారు."

నాకు అర్థమైంది. యుద్ధం ఆగి రెండు నెలలైంది. అనుమానం ఆగలేదు. ఆయన రిజిస్టరు తీసి నా ముందే రాశాడు: గూళ్లు అన్నీ తొలగించబడినవి, వానల తర్వాత ఒకటి మళ్లీ కట్టినది. కింద సంతకం పెట్టాడు. ఉన్నమాట మాత్రమే రాసే మనిషని పటాలంలో పేరు ఆయనకు. నా తప్పును కప్పాడు. కప్పడానికి కారణం నా పేరు. థాంక్యూ కూడా అనలేకపోయాను.

ఆ సాయంత్రం లాంతరు వెలిగించే వేళకు నేను బయట దిబ్బ మీద కూర్చున్నాను. లోపలికి వెళ్లలేదు.

ఇంకో పన్నెండు రోజులకు మమ్మల్ని వెనక్కి పిలిచారు. సామాను కట్టాం. నెల్లూరులో రైలు సాయంత్రం ఏడుకు. లారీ మూడున్నరకే చేర్చింది. హవల్దారు రెండు గంటలు సెలవిచ్చాడు. ఇంటికి వెళతానని ఆయన అనుకున్నాడు. నేను ఆసుపత్రికి వెళ్లాను. చెప్పేయాలని వెళ్లాను. దారంతా మాటలు పేర్చుకున్నాను.

ఆపరేటరు మంచం మీద దిండుకు ఆనుకొని కూర్చున్నాడు. సగమయ్యాడు. కుడిచెయ్యి గుడ్డ మీద పరిచి ఉంది. వేళ్లు లోపలికి ముడుచుకొని ఉన్నాయి, తెరుచుకోవడం లేదు. పక్కన ఒక పెద్దావిడ ఇత్తడి గిన్నెలో అన్నం కలుపుతోంది. రేపల్లె నుంచి వచ్చిన వాళ్లమ్మ. ఇరవై నాలుగేళ్ల కొడుక్కి ముద్దలు తినిపిస్తోంది. నన్ను చూసి అతను నవ్వాడు.

"అమ్మా, ఇతనే. చెయ్యి కట్టింది, మోసుకొచ్చింది."

ఆమె తల ఎత్తింది. కళ్లు నిండిపోయాయి. "నువ్వేనా నాయనా! నా బిడ్డను బతికించావు. చెయ్యిదేముంది, మనిషి దక్కాడు. పేరేంటి నాయనా?"

చెప్పాను.

"ఖాదరా. ఏం తిన్నావో ఏమో, ముఖం పీక్కుపోయింది. ఇట్టా కూర్చో."

నేను అతని వైపు చూశాను. అతను నన్నే చూస్తున్నాడు. నా సంగతి తెలుసో తెలియదో ఆ చూపులో నాకు దొరకలేదు. ఈ రోజుకీ దొరకలేదు. "తిను" అన్నాడు.

అతను తర్వాత ఉద్యోగం వదిలేసి ఊరు చేరాడని విన్నాను. ఆ చెయ్యి మళ్లీ పనికి రాలేదని కూడా విన్నాను. నేను ఉత్తరం రాయలేదు. మా వీధిలో వాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు, ఆ యుద్ధం రోజుల్లో ఏం చూశావు ఖాదర్‌భాయ్ అని. సముద్రాన్ని చూశానని చెబుతాను.

నాకు కనబడేది సముద్రం కాదు. ఆసుపత్రి కిటికీలోంచి పడుతున్న సాయంత్రపు ఎండ. ఆ వెలుగులో ఆ తల్లి చెయ్యి. అయిదు వేళ్ల మధ్య పప్పన్నం ముద్ద, అంచున రెండు మెతుకులు జారుతున్నాయి. చెప్పడానికే నోరు తెరిచాను. ఆమె ముద్ద పెట్టేసింది.